సరోజనక్క ఎండబెట్టుకున్న బరువు

ఈ యాసంగి పంటకు కూడా సరోజనక్క వడ్ల కొనుగోలు కేంద్రానికి అందరికంటే ముందే వస్తుంది. రైతులు కుప్పల మీది టార్పాలిన్ పట్టాలు ఇంకా తీయరు. హమాలీలు ఇంకా టీ బండి దగ్గరే ఉంటారు. ఆమె కాంటా మీద కప్పిన గోనె తీసి, ప్లేటు మీది పొట్టు చీపురుతో ఊడుస్తుంది. చెప్పులు పక్కన విడిచి ఎక్కి నిలబడుతుంది. అంకె నేను చదవాలి. ఆమె కిందికి చూడదు. ఎదురుగా ఉన్న వడ్ల కుప్పల వైపు చూస్తుంది.

"ఎంత?"

"అరవై ఎనిమిది నలభై."

"మంచిది."

ఏం మంచిదో నాకు తెలియదు. ఆ అంకె ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. పోయిన ఏడాది ఇదే నెలలో ఇట్లాంటి అంకె కోసం మేమిద్దరం చేయకూడనివి చేశాం.

ఆమె దిగాక కాంటా సున్నాకు రావాలి. కొన్నిసార్లు రాదు. ప్లేటు మీద ఏమీ లేకుండానే యాభై గ్రాములని, వంద గ్రాములని చూపిస్తూ ఉంటుంది. గాలికి అట్లా అవుతుందని బాగుచేసే మనిషి చెప్పాడు. నేను అటు చూడకుండా జీరో బటన్ నొక్కుతాను.

మాది పెద్దవంగర. ఈ కేంద్రాన్ని మహిళా సంఘం నడుపుతుంది. సంఘం తరఫున తేమ చూసేది, కాంటా పెట్టించేది సరోజనక్క. ట్యాబులో రైతు పేరు, బస్తాల సంఖ్య ఎక్కించే పని నాది. డిగ్రీ మధ్యలో వదిలేశాను. రాసిన ఉద్యోగ పరీక్షల్లో ఒకటి రద్దయింది, ఒకటి కోర్టులో ఉంది. ఖాళీ సమయంలో చదువుతాను. తొర్రూరులో చిత్తుకాగితాల కొట్టు నుంచి తెచ్చినవీ, ఫోనులో దొరికినవీ, ఏవైనా సరే. ఏదీ చివరిదాకా చదివే ఓపిక ఉండదు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే సరోజనక్క కథలో నా పాత్ర అదే.

ఆమెకు నలభై ఆరేళ్లు. ఏడో తరగతిలో ఉండగా తల్లి జ్వరంతో పోయింది. అప్పుడు తమ్ముడు సంజీవకు నాలుగేళ్లు. బడి మానేసి వాడిని చంకనేసుకుంది. అంగన్‌వాడీలో పిల్లలను వేలాడే తరాజులో కూర్చోబెట్టి తూచేవాళ్లు. సంజీవ ప్రతిసారీ తక్కువ తూగేవాడు. "మీ అమ్మ ఉంటె గిట్ల ఉండునా" అని ఆయమ్మ అనేదట. ఆ మాట పడలేక, తూకం నాడు వాడికి ఒక చెంబెడు నీళ్లు తాగించి తీసుకుపోయేది.

"అర్ధకిలో పెరిగిండని ఆయమ్మ సంబురపడ్డది" అని ఒకసారి నవ్వుతూ చెప్పింది. "ఇంటికొచ్చినంక వాడు చెట్టు కింద నిలవడి పోస్తనే ఉన్నడు. నా గుండె జల్లుమన్నది, అర్ధకిలో పాయె అని."

పెళ్లయ్యాక తమ్ముడిని కూడా అత్తగారింటికి తెచ్చుకుంది. భర్త వీరస్వామి భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు, వారానికోసారి వస్తాడు. ఎక్కువ మాట్లాడని మనిషి. సంజీవ ఇక్కడే పెరిగాడు, ఇక్కడే ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు, తనూజను పెళ్లి చేసుకున్నాడు.

సరోజనక్కకు ఊళ్లో పేరొచ్చింది వడ్ల వల్ల. కుప్పలో చెయ్యి మోచేతి దాకా దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీసి, ఒక గింజను పంటి కింద వేసుకుంటుంది. కొరికినప్పుడు వచ్చే చప్పుడు వింటుంది. "తేమ పద్దెనిమిదిన్నర" అంటుంది. తర్వాత తేమ మిషనులో పోస్తే పద్దెనిమిది పాయింట్ నాలుగు వస్తుంది. పదిహేడు శాతం దాటితే కాంటా పెట్టదు. రాత్రి నీళ్లు చల్లి, పొద్దున పైపైన ఆరబెట్టి తెచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల కుప్ప దగ్గరకు వచ్చి, గింజ కొరికి, ఏమీ అనకుండా ముందుకు పోతుంది. ఆ మౌనం తిట్టు కంటే గట్టిగా తగులుతుంది.

భద్రయ్య పటేల్ లాంటి పెద్ద రైతుకు కూడా మినహాయింపు లేదు.

"ఏందే సరోజనా, మా వడ్లల్ల గూడ పల్లు పెడ్తున్నవ్?"

"మీ వడ్లయితె పల్లుకు తెలుస్తదా పటేలా. ఇరవై రెండున్నది. ఇంక నాలుగు రోజులు ఎండనియ్యి."

సంజీవకు ముప్పై ఆరేళ్లప్పుడు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. బీపీ ఉన్న సంగతి తెలియకుండానే అంతా అయిపోయింది. వారానికి మూడుసార్లు మానుకోట పోయి డయాలసిస్ చేయించుకునేవాడు. పోయే దారిలో మా కేంద్రం ముందు ఆగి కాంటా ఎక్కేవాడు. రక్తం శుభ్రమైనప్పుడు అతని బరువు యాభై ఎనిమిది. రెండు రోజుల తర్వాత అరవై ఒకటి. ఒంట్లో నుంచి బయటికి పోని నీళ్లు మూడు కిలోలు. మొహం ఉబ్బి, కాళ్ల మీద వేలితో నొక్కితే గుంట పడేది.

"అక్కా, నాకు మూడు కిలోల తరుగు కొట్టు" అనేవాడు, తేమకని బస్తా తూకంలో కోత పెట్టినట్టు.

"నీకెందుకుర తరుగు. మానుకోటల వాళ్లే కొడ్తరు."

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఎక్కితే యాభై ఎనిమిది. హమాలీ టీక్యా, మా పక్క తండా మనిషి, ప్రతిసారీ ఆశ్చర్యపోయేవాడు. "పొద్దుగాల ఒక మనిషి పోతడు, పొద్దుమీకి ఇంకో మనిషి వస్తడు." రెండేళ్లు మేమంతా ఇది చూశాం. ఆ బరువు కండ కాదని, కొవ్వు కాదని, ఉత్త నీళ్లని మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. కాంటా చూపించే అంకె వేరు, మనిషి వేరు అని మాకంటే బాగా తెలిసినవాళ్లు ఉండరేమో.

రోజుకు లీటరు కంటే ఎక్కువ తాగొద్దన్నారు. అతని దగ్గర ఒక నీళ్ల సీసా ఉండేది. దాని మీద నల్ల మార్కరుతో పది గీతలు గీసుకున్నాడు. గంటకు ఎంత, పూటకు ఎంత అని. ఎండాకాలంలో దుకాణంలో కూర్చుని ఫోను బాగుచేస్తూ మధ్యలో ఆ గీతల వైపు చూసేవాడు.

కిడ్నీ మార్పిడి తప్ప వేరే దారి లేదని హైదరాబాదులో చెప్పారు. తనూజ రక్తం కలవలేదు. సరోజనక్కది కలిసింది. అన్నీ బాగున్నాయి, ఒక్క బరువు తప్ప. పొట్టి మనిషి, ఎనభై ఒకటిన్నర కిలోలు ఉంది. డెబ్బై లోపలికి వస్తేనే మిగతా పరీక్షలు మొదలుపెడతామన్నారు. "తొందరపడకమ్మా. ఐదు నెలలు పట్టినా పర్వాలేదు. మెల్లగా తగ్గు" అని డాక్టరమ్మ చెప్పింది. ఐదు నెలలు అన్న మాట విని సరోజనక్క మొహం ఎట్లా అయిందో వీరస్వామి బావ ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన వద్దనలేదు, సరే అనలేదు. కాగితం మీద సంతకం పెట్టి భూపాలపల్లికి పోయాడు.

ఏప్రిల్ ఏడో తారీకు నుంచి ఆమె అన్నం మానేసింది. పొద్దున ఒక జొన్నరొట్టె, సాయంత్రం ఒక జొన్నరొట్టె, ఉప్పు తగ్గించిన కూర, మజ్జిగ. పచ్చడి జాడీ తీసుకుపోయి తనూజకు ఇచ్చేసింది. రోజూ పొద్దున కాంటా ఎక్కేది. నేను నోట్‌బుక్ వెనక పేజీలో రాసేవాడిని.

టీక్యా ఊరుకునే మనిషి కాదు. మా దగ్గర బస్తా అంటే నలభై కిలోలు. "సరోజనక్క అంటె రెండు బస్తాలు. తరుగుతోని సహా."

"నీ నోట్ల మన్నుపడ. నెలాగు, బస్తన్నర అయితనో లేదో చూడు."

వారం తిరిగేసరికి డెబ్బై ఏడు పాయింట్ మూడు. నాలుగు కిలోల పైన పోయింది. నేను రెండుసార్లు జీరో కొట్టి మళ్లీ ఎక్కించాను. అదే వచ్చింది. ఆమె జాకెట్టు చేతులు వదులయ్యాయి, ఉంగరం తిరుగుతోంది. కేంద్రంలో ఆడవాళ్లంతా చేరి ఆమె దవడలు చూశారు. టీక్యా గన్నీ సంచి దులిపి ఆమె మీద పూలు చల్లినట్టు పొట్టు చల్లాడు. చాలా రోజుల తర్వాత ఆమె నోరు తెరిచి నవ్వింది.

అప్పుడు నేను లెక్క వేశాను. వారానికి నాలుగు. మిగిలింది ఏడుంపావు. రెండు వారాలు, ఎక్కువలో ఎక్కువ మూడు.

"ఐదు నెలలు ఎందుకక్కా. మే మొదట్లనే అయిపోతవు."

"నిజంగనేనా దినేశూ?"

"అంకె కండ్లముందట ఉన్నది గద."

ఫోనులో కూడా చూశాను. వారంలో నాలుగు కిలోలు తగ్గినవాళ్ల ఫోటోలు ఉన్నాయి. ఆ పేజీ కింద ఇంకా చాలా రాసి ఉంది. చదవలేదు. ఆసుపత్రిలో తేదీలు చూసే అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. సరోజనక్క బరువు తొందరగా తగ్గుతోంది, పరీక్షల డేటు ముందుకు జరపమని అడిగాను. ఆ అమ్మాయి సంతోషించింది. మే ఇరవై ఖాయం చేసింది. ఆ రోజు డెబ్బై లోపల ఉంటే అదే రోజు రక్త పరీక్షలు, స్కానింగులు మొదలవుతాయి.

సరోజనక్క ఆ మాట తమ్ముడికి తానే పోయి చెప్పింది. నేను దుకాణం బయట నిలబడి ఉన్నాను. సంజీవ చేతిలో ఉన్న ఫోను కింద పెట్టాడు. నీళ్ల సీసా తీసి, గీతల మీద బొటనవేలితో రుద్దాడు. అవి పోలేదు.

"ఆపరేషన్ అయినంక స్పిరిట్ పెట్టి తుడుస్త" అన్నాడు.

రెండో వారం ఒక కిలో రెండు వందలు తగ్గింది. మూడో వారం ఏడు వందల గ్రాములు. నాలుగో వారం అర కిలో. అవే రెండు రొట్టెలు, అదే ఎండలో అదే పని. కాంటా మాత్రం మాతో మాట్లాడటం మానేసినట్టయింది. ఆమె ఒక రొట్టె తీసేసింది. నేను రోజూ పొద్దున అంకె చెప్పడానికి భయపడేవాడిని. ఒకరోజు యాభై గ్రాములు తగ్గించి చెప్పాను. ఆమె నా వైపు చూసి, దిగి, మళ్లీ ఎక్కింది. ఈసారి తానే కిందికి వంగి చదువుకుంది.

"తూకంల అబద్ధం చెప్పకు" అంది. అంతే.

మే ఏడున డోర్నకల్‌లో ఆడబిడ్డ కూతురి పెళ్లి. పోక తప్పలేదు. విస్తరి ముందు కూర్చున్నాక వదలలేదు వాళ్లు. బగారన్నం, మటన్, రెండు ముద్దలు మామిడికాయ తొక్కు. ఒక్క పూట. మర్నాడు పొద్దున కాంటా మీద డెబ్బై ఆరు పాయింట్ ఎనిమిది. ముందు రోజు కంటే రెండు కిలోలు ఎక్కువ.

ఆమె దిగలేదు. "నేను తిన్నది అంతా కలిపి అర్ధకిలో గూడ లేదు" అంది. "రెండు కిలోలు యాడికెల్లి వచ్చినయిరా?"

భద్రయ్య పటేల్ అప్పుడే కుప్ప దగ్గరికి వస్తున్నాడు. "మా వడ్లను ఎండవెట్టుమంటివి. నువ్వే ఎండుతున్నవ్ గద సరోజనా."

ఆమె కాంటా దిగి అతని కుప్ప దగ్గరికి నడిచింది. చెయ్యి దూర్చి పిడికెడు తీసింది. గింజ కొరికింది. ఇంకొకటి కొరికింది. తర్వాత అక్కడే, వేడెక్కుతున్న వడ్ల పక్కన, నేల మీద కూర్చుంది. నేను ట్యాబు పట్టుకుని పోయాను.

"ఈ కుప్ప ఇరవై నాలుగు మీద వచ్చింది" అంది నెమ్మదిగా. "రెండు రోజుల ఎండకు ఇరవై అయ్యింది. ఇగ ఎల్లుండికి పదిహేడన్నడు పటేలు. మూడు రోజులాయె, పందొమ్మిదిన్నర కాడ్నే ఉండె. మీది తేమ ఉర్కుతది. లోపలి తేమ కదలది. రాత్రి నాలుగు చినుకులు పడంగనే మల్ల ఇరవై ఒకటి. వడ్లు పెరిగినయా? వడ్లు గన్నే గద."

నేను ట్యాబులో అంకె ఎక్కించబోయి ఆగాను.

"నా నాలుగు కిలోలు గూడ గంతేనా దినేశూ?"

ఆమె పిడికిట్లో మిగిలిన గింజలు కుప్ప మీదికి వదిలింది.

"సంజీవ మంగళారం మూడు కిలోలు దించుకోని వస్తడు. ఎవలన్న వాడు సన్నగయిండంటరా?"

ఆ సాయంత్రం నేను ఆ పేజీ కింద రాసింది చదివాను. అంతా అక్కడే ఉంది. ఒంట్లో అన్నం ఊరికే ఉండదు. కాలేయంలో, కండల్లో కొంత పిండిగా నిల్వ ఉంటుంది, ఆ పిండి తనకు మూడింతల నీళ్లను పట్టుకుని ఉంటుంది. అన్నం మానేయగానే మొదట ఖర్చయ్యేది ఆ నిల్వే. దానితో పాటు నీళ్లూ పోతాయి. ఉప్పు తగ్గితే ఇంకొన్ని పోతాయి. మొదటి వారం కాంటా మీద కనిపించేది ఎక్కువగా అదే. అసలు కొవ్వు వారానికి అర కిలో, ముప్పావు కిలో కరుగుతుంది, అది కూడా ఓపిక పడితే. ఒక్క పూట అన్నం, ఉప్పు తింటే ఆ నీళ్లు తిరిగి వచ్చి కూర్చుంటాయి. దానికి ఎవరూ బాధపడక్కర్లేదట. ఆమె ఏ తప్పూ చేయలేదు. రెండో వారం నుంచి జరిగిందే అసలు తగ్గడం. వడ్లు అప్పుడే ఎండుతున్నాయి. నేను మాత్రం మీది తేమ పోయిన వేగాన్ని చూసి డేటు పెట్టించాను.

మర్నాడు ఇదంతా ఆమెకు చెప్పాను. డేటు వెనక్కి జరపమని ఫోన్ చేస్తానన్నాను.

"వానికి చెప్పిన" అంది. "ఇరవయ్యో తారీకని. వాడు రోజులు లెక్కవెట్టుకుంటున్నడు. ఇప్పుడు పోయి, అవి నీళ్లురా, నేను తగ్గలేదురా అని చెప్పాల్నా? జులై దాకా ఆగుమని?" కుప్పలోంచి ఒక గింజ తీసి పంటి కింద వేసుకుంది. "వడ్లను తడిపి తెచ్చేటోళ్లను నేను పట్టుకుంట. ఎండవెట్టి తెచ్చేటోళ్లను ఎవలు పట్టుకుంటరు?"

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఇన్నేళ్లుగా కేంద్రం తూకంలో మోసం సహించని మనిషి అడుగుతోంది.

"మూడు నాలుగు కిలోలకు ఎన్ని రోజులు నీళ్లు ఆపాలె? నువ్వు చదివే ఉంటవ్."

చదివాను. కుస్తీ పోటీలకు ముందు పహిల్వాన్లు బరువు దించుకునే సంగతి ఎక్కడో చదివాను. ఉప్పు పూర్తిగా మానేయడం, నీళ్లు ఆపడం, ఎండలో చెమట పట్టించడం. అది ప్రమాదమని కూడా అందులోనే ఉండి ఉంటుంది. తెలియదు అని చెప్పి ఉండవచ్చు. నాకు తెలిసిన సంగతి ఒకటి ఒకరికి అవసరమైంది. చెప్పాను.

మే పదిహేడు పొద్దున కాంటా మీద డెబ్బై మూడు తొమ్మిది వందలు. అది నిజమైన బరువు, ఆరు వారాల కష్టం. ఆ సాయంత్రం నీళ్లు ఆపేసింది. రెండు రోజులు మే నెల ఎండలో నల్ల టార్పాలిన్ల మధ్య, ఒంటి మీద వీరస్వామి బావ పాత స్వెటరు వేసుకుని వడ్లు తిరగేసింది. చలిజ్వరమని అందరికీ చెప్పింది. పెదవులు పగిలాయి. మాట్లాడితే నాలుక అంగిలికి అంటుకుని టక్కుమని చప్పుడు వచ్చేది. టీక్యా జోకులు ఆపేశాడు. ఒకసారి కుండలోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టి పోయాడు. ఆమె ఆ నీళ్లలో చెయ్యి ముంచి, కళ్లకు అద్దుకుని, మిగిలినవి వడ్లకు దూరంగా పారబోసింది.

ఇరవయ్యో తారీకు పొద్దున మానుకోటలో రైలెక్కాం. సంజీవకు ఆ రోజు డయాలసిస్, రాలేదు. నీళ్ల సీసాలు అమ్మేవాడు మా పెట్టెలో రెండుసార్లు తిరిగాడు. నాకు దాహం వేసింది.

"నువ్వు తాగు" అంది కళ్లు మూసుకునే. "జర అటు దిక్కు తిరిగి తాగు."

ఆసుపత్రి మిషను మీద అరవై తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చింది. నర్సు రాసుకుంది. సరోజనక్క నా వైపు చూసింది. పగిలిన పెదవితో నవ్వబోతే రక్తం వచ్చింది. ఆ ఒక్క నిమిషం మేం గెలిచాం. దాన్ని నేను చాలాసార్లు తలచుకుంటాను. ఎందుకు తలచుకుంటానో తెలియదు.

తర్వాత రక్తం తీయబోతే నరం దొరకలేదు. ఇంకో చెయ్యి చూశారు, దొరకలేదు. డాక్టరమ్మ వచ్చి ఆమె ముంజేతి మీది తోలును రెండు వేళ్లతో పట్టి లేపి వదిలింది. అది వెంటనే కిందికి పోలేదు. గుడారంలా అట్లాగే నిలబడి, మెల్లగా కుంగింది.

"నీళ్లు తాగి ఎన్నాళ్లయింది?"

సరోజనక్క అబద్ధం చెప్పలేదు. "మూడు రోజులైతుంది మేడం."

డాక్టరమ్మ తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఇవ్వడానికి వచ్చినదాన్నే ఎండబెట్టావు కదమ్మా" అంది.

సెలైను ఎక్కించారు. సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి. ఆమె కిడ్నీలు దెబ్బతిన్నట్టు అంకెలు చూపించాయి. చాలా మటుకు తిరిగి కోలుకుంటాయి, కానీ అట్లా కోలుకున్నాయని నమ్మకం కుదిరే దాకా ఆమెను దాతగా చూడలేమన్నారు. మూడు నెలల తర్వాత రమ్మన్నారు. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తప్పకుండా తాగాలన్నారు. బయటికి వచ్చేముందు సరోజనక్క అదే మిషను తానే ఎక్కి చూసుకుంది. డెబ్బై రెండు.

మెట్ల మీద కూర్చుని అంది: "వాళ్ల దగ్గర గూడ తేమ మిషను ఉన్నదిరా."

అర్ధరాత్రి మేం ఊరు చేరేసరికి సంజీవ ఇంకా దుకాణం ముందు కూర్చుని ఉన్నాడు. డయాలసిస్ అయి వచ్చాడు, మొహం పీక్కుపోయి ఉంది. మా మొహాలు చూసి అర్థం చేసుకున్నాడు. ముందు తానే మాట్లాడాడు.

"ఏందక్కా, తేమ ఎక్కువున్నదని వాపసు పంపిండ్రా?"

"లేదురా. మరీ ఎండిందని పంపిండ్రు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

ఆ మూడు నెలలు ఎట్లా గడిచాయో చెప్పాలి. ఆమె మూడు లీటర్లు తాగాలి. అతను ఒక్క లీటరే తాగాలి. ఇద్దరి ఇళ్లకూ వాకిలి ఒకటే. ఆమె నీళ్ల చెంబు పట్టుకుని ఇంటి వెనక్కి, పశువుల కొట్టం పక్కకు పోయి, దొంగలాగా తాగి వచ్చేది. పైట చెంగుతో మూతి తుడుచుకుని వచ్చేది. ఒకరోజు నేను వాళ్ల వాకిట్లో ఉండగా సంజీవ పిలిచాడు.

"అక్కా, గా కొట్టం దిక్కు ఎందుకు పోతవ్. ఈడనే తాగు."

"ఏందిరా?"

"ఈడ కూసోని తాగు. జర సప్పుడు చేస్త తాగు. నేను వింట."

ఆమె వద్దంది. అతను వినలేదు. చివరికి అతని ఎదురుగా కుర్చీ వేసుకుని చెంబు ఎత్తింది. గుటకల చప్పుడు. సంజీవ కళ్లు మూసుకుని, ఒక్కొక్క గుటకకూ తన గొంతు కదిలించాడు. చెంబు అయిపోయాక ఆమె ఒళ్లో పెట్టుకుని దాని అడుగులోకి చూస్తూ కూర్చుంది. "మంచిగున్నది" అన్నాడతను. అప్పటి నుంచి రోజూ అట్లాగే. సాయంత్రం నాలుగింటికి. నేను ఆ వేళకు అటు పోవడం మానేశాను.

జులై పదహారున కాంటా అరవై తొమ్మిది పాయింట్ తొమ్మిది చూపించింది. ఈసారి తడి లేదు, ఎండ లేదు, ఏ మోసమూ లేదు. వారానికి అర కిలో చొప్పున దానంతటదే వచ్చింది. ఎవరూ పొట్టు చల్లలేదు. నేను తొందరపెట్టకుండా ఉంటే ఆ రోజే మేం హైదరాబాదు పోయి ఉండేవాళ్లం. దెబ్బతినని కిడ్నీలతో, ఎండని నరాలతో. జులైలో పరీక్షలు, ఆగస్టులో అనుమతులు, ఆపరేషను. కావచ్చు. కాకపోవచ్చు. ఆగస్టు ఇరవైన పోతే ఆమె రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు, పరీక్షలు మొదలుపెట్టారు. ఇంకో నెలలో చెబుతామన్నారు.

సంజీవ సెప్టెంబరు పదకొండున పోయాడు. మానుకోట నుంచి తిరిగి వచ్చే బస్సులో, కిటికీ పక్క సీటులో, పట్టపగలు. నిద్రపోయాడనుకుని కండక్టరు తొర్రూరు దాకా లేపలేదు. జేబులో ఆ రోజు చీటీ ఉంది. డయాలసిస్ తర్వాత బరువు యాభై ఎనిమిది. ఒంట్లో ఒక్క చుక్క ఎక్కువ నీళ్లు లేవు.

సరోజనక్క నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనే ఒకసారి, ఈ యాసంగి కేంద్రం తెరిచిన రోజు, ఆ మాట ఎత్తాను. "ఆ ఫోన్ నేను చెయ్యకపోతే" అని మొదలుపెట్టాను.

"నీళ్లు ఆపింది నేను" అంది. "నువ్వు మిషను చూసినవ్. నాకు పల్లుకు తెలిసి గూడ ఆపిన."

ఆ మాటతో నా బరువు తగ్గిందని చెప్పలేను.

టీక్యా ఇంకా గుర్తుచేస్తుంటాడు, అక్క ఇప్పుడు బస్తా ముప్పావు కూడా లేదని. కానీ ఆ మాట అన్నప్పుడు నవ్వడు. ఆమె రొట్టెలు మానలేదు, అన్నం మొదలుపెట్టలేదు. బరువు ఇంకా కొంచెం కొంచెంగా తగ్గుతోంది. ఎందుకు తూగుతున్నావని అడిగే ధైర్యం నాకు లేదు. నోట్‌బుక్ వెనక పేజీలో రాస్తూ పోతున్నాను.

ఈ రోజు కూడా అరవై ఎనిమిది నలభై అని చెప్పాక, ఆమె దిగి, సంచిలోంచి సీసా తీసింది. నల్ల గీతలు పదీ దాని మీద అట్లాగే ఉన్నాయి. కాంటా పక్కన బస్తా మీద కూర్చుని తాగింది. సీసా మొత్తం, ఆపకుండా, చప్పుడు చేస్తూ. చుట్టుపక్కల కుప్పల దగ్గర ఇంకా ఎవరూ లేరు. నేను చెవులు మూసుకోలేదు. మూసుకున్నా వినిపిస్తుందని తెలుసు.

తాగడం అయ్యాక మూతి తుడుచుకుని లేచింది. కాంటా ఖాళీగా ఉంది, యాభై గ్రాములు చూపిస్తోంది.

"జీరో కొట్టు దినేశూ" అంది. "మొదటి కుప్ప ఎవరిదో పిలువు."